పావు తులం ఉత్తరం: ఒక చిన్న త్రాసు, బల్లమీది నాలుగు పనిముట్లు, మన వలస కథ



మన గుంపులో పాత పెళ్ళి ఫోటోలు, మగ్గాల ఫోటోలు, తాతల నాటి రాగి చెంబులు అందరూ పెడుతుంటారు. ఈసారి ఎవరూ అంతగా పట్టించుకోని ఒక వస్తువు గురించి రాస్తున్నాను. అది ఉత్తరాలు తూచే త్రాసు. దానితో పాటు రాత బల్ల మీద ఉండే కత్తి, రూళ్ళకర్ర, సిరాబుడ్డి లాంటి సామాను గురించి కూడా. కొంచెం పొడుగ్గా ఉంటుంది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు పేర్ల సంగతి. తెలుగులో తపాలా అంటాం, టపా అంటాం. మా సోలాపూర్‌లో మరాఠీ వాళ్ళు టపాల్ అంటారు. తమిళనాడులో ఉన్న మనవాళ్ళు చుట్టూ తపాల్ అనే మాటే వింటారు. కర్ణాటకలో అంచె. మైసూరు సంస్థానానికి సొంతంగా అంచె వ్యవస్థ ఉండేది, 1889లో అది బ్రిటిష్ ఇండియా తపాలాలో కలిసిపోయింది. ఒడిశాలో డాక్. ఇన్ని పేర్ల మధ్య పెరిగిన మనకు ఉత్తరం అంటే ఊరికే కాగితం కాదు. ఇక్కడ పుట్టి, అక్కడ అత్తమామలు, మేనమామలు ఉన్నవాళ్ళకు అది ఇంటిని నిలబెట్టిన తాడు. ఆ తాడు ధర ఎంత, దాన్ని ఎవరు ఎలా లెక్కగట్టారు అనేదే ఈ కథ.

దూరానికి ధర ఉన్న రోజులు

ఉత్తరాన్ని తూచి డబ్బు కట్టించుకోవడం మనకు ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అనిపిస్తుంది. ఇంగ్లండులో మాత్రం 1840కి ముందు ఎక్కువగా కాగితాలు లెక్కపెట్టేవారు. ఒక కాగితమైతే ఒక రేటు, రెండు కాగితాలైతే రెండింతలు. దానిమీద ఎన్ని మైళ్ళు పోవాలో చూసి ఇంకా వేసేవారు. కవరు కూడా ఒక కాగితం కిందే లెక్క. అందుకే ఆ రోజుల్లో చాలామంది కవరు వాడకుండా, రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అతికి పంపేవారు. డబ్బు చాలాసార్లు ఉత్తరం అందుకున్నవాడే కట్టాలి.

రోలండ్ హిల్ అనే ఆయన 1837లో ఒక చిన్న పుస్తకం వేసి ఈ పద్ధతిని తప్పుపట్టాడు. ఉత్తరాన్ని దూరం మోసుకుపోవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, అసలు ఖర్చంతా లెక్కలు రాయడానికి, ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చేయడానికే అవుతోందని ఆయన వాదన. దేశమంతా ఒకే రేటు పెట్టండి, బరువును బట్టి తీసుకోండి, ముందుగానే కట్టించుకోండి అన్నాడు. 1840 జనవరి 10న అరౌన్సు దాకా ఒక పెన్నీ అనే రేటు అమల్లోకి వచ్చింది. అదే ఏడాది మే 6 నుంచి తపాలా బిళ్ళలు చెల్లాయి.

ఆ రోజు నుంచి ఉత్తరం రాసే ప్రతి ఇంటికీ ఒక కొత్త ప్రశ్న వచ్చింది. నా ఉత్తరం అరౌన్సు లోపల ఉందా, దాటిందా? అరౌన్సు అంటే 14 గ్రాముల పైచిలుకు. చేతిలో పట్టుకుని చెప్పగలిగే తేడా కాదు. బర్మింగ్‌హామ్‌లోని ఇత్తడి పనివాళ్ళకు, లండన్‌లోని వెండి పనివాళ్ళకు కొత్త గిరాకీ పుట్టింది. విన్‌ఫీల్డ్, రాట్‌క్లిఫ్, మోర్డన్, సాల్టర్ లాంటి పేర్లు ఉత్తరాల త్రాసుల మీద కనబడటం మొదలైంది అలాగే.

మన దేశంలో తులం లెక్క

ఇక్కడి సంగతి చూడండి. 1837 తపాలా చట్టం కింద మన దేశంలో బరువూ చూసేవారు, దూరమూ చూసేవారు. కలకత్తా నుంచి బొంబాయికి ఉత్తరం పంపాలంటే తులానికి ఒక రూపాయి. కలకత్తా నుంచి ఆగ్రాకు తులానికి 12 అణాలు. ఆ కాలంలో రూపాయి పెట్టి ఉత్తరం పంపగలిగినవాళ్ళు దొరలు, షావుకార్లు, సంస్థానాల వకీళ్ళు. కూలికి పోయినవాడు ఇంటికి ఉత్తరం పంపే ఊసే లేదు. ఊరి నుంచి ఎవరైనా వస్తే నోటిమాట చెప్పించుకోవడమే.

1854లో కొత్త చట్టం వచ్చింది. అక్టోబరు 1 నుంచి దేశమంతా ఒకే రేటు. పావు తులం దాకా అర్ధణా. అర తులం దాకా అణా. తులం దాకా రెండణాలు. దూరం లెక్కలోనే లేదు. కలకత్తా నుంచి బొంబాయికి తులం ఉత్తరం రూపాయి నుంచి రెండణాలకు పడింది. అంటే ఎనిమిదో వంతు. అదే పావు తులంలో సర్దుకుంటే అర్ధణాయే.

పావు తులం అంటే ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. తులం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పావు తులం 2.9 గ్రాములు. ఇవాళ మన ప్రింటర్‌లో పెట్టే ఎ4 కాగితం ఒక్కటి సుమారు 5 గ్రాములు ఉంటుంది. అంటే ఈనాటి ఒక్క కాగితం కూడా ఆనాటి అర్ధణాకు పోదు! పలచని కాగితం చిన్న ముక్క తీసుకుని, రెండు వైపులా, అంచుల దాకా, సందు లేకుండా రాస్తేనే పావు తులంలో ఇమిడేది. పాత ఉత్తరాల్లో అక్షరాలు చీమల బారులా ఉండటానికి, అంచున అడ్డంగా తిప్పి ఇంకో రెండు వరుసలు రాయడానికి ఇదొక కారణం.

ఇక్కడే ఒక చక్కని పొంతన ఉంది. 1835 నుంచి వెండి రూపాయి నాణెం బరువు సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం. మన పెద్దలు 'రూపాయెత్తు' అనేది దీన్నే. అర్ధరూపాయి అర తులం. వెండి పావలా సరిగ్గా పావు తులం. కంసాలి దగ్గర ఉండే చిన్న త్రాసులో ఒక వైపు విక్టోరియా పావలా, రెండో వైపు ఉత్తరం పెడితే చాలు, అర్ధణా బిళ్ళ సరిపోతుందో లేదో ముల్లు చెప్పేస్తుంది. ఇంగ్లండులో ఉత్తరాల కోసం కొత్త త్రాసు చేయించుకోవాల్సి వచ్చింది. మన దేశంలో రాయి జేబులోనే ఉంది.

ఇంకో తమాషా. ఆ నాటి అర్ధణా రాగి నాణెం బరువు 200 గ్రెయిన్లు. పావు తులం ఉత్తరం 45 గ్రెయిన్లు. అంటే ఉత్తరం కోసం కట్టే నాణెం, ఉత్తరం కంటే నాలుగింతలకు పైగా బరువు!

తర్వాత తర్వాత ఈ కొలత సడలుతూ వచ్చింది. 1869లో అర్ధణాకు అర తులం చేశారు. 20వ శతాబ్దం తొలి దశకం ముగిసేసరికి అర్ధణాకు పూర్తి తులం పోయేది. 1879లో కాలణా కార్డు వచ్చింది. దాన్ని తూచే పనే లేదు.

మనవాళ్ళకు దీని విలువ

1854 చట్టాన్ని మనం తపాలా బిళ్ళల చరిత్రగా చదువుతాం. నన్ను అడిగితే అది వలస చరిత్ర. దూరానికి ధర తీసేసిన చట్టం ఎక్కువగా ఉపయోగపడేది దూరం పోయినవాడికే కదా.

మా సోలాపూర్‌లో 1877లో మొదలైన మిల్లును ఇప్పటికీ జూనీ మిల్లు అనే అంటాం. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మన నేతపనివాళ్ళు ఇక్కడికి వచ్చారు. ముంబై కామాఠీపురకు ఆ పేరు తెచ్చింది మన వైపు నుంచి పోయిన కామాఠీలే. ఖరగ్‌పూర్ రైల్వేలో, హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల, బరంపురంలో మనవాళ్ళు ఉన్నారు. పక్క జిల్లాకు రాసినా, వెయ్యి మైళ్ళకు రాసినా అదే అర్ధణా.

కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగూన్ పోయినవాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అందుకని సముద్రం దాటి వచ్చే ఉత్తరానికి కూడా దేశం లోపలి రేటే. 1937లో బర్మా విడిపోయాక అది పరదేశపు ఉత్తరం అయింది. మనుషులు అక్కడే ఉన్నారు, ఇల్లు ఇక్కడే ఉంది, మధ్యలో రేటు మారింది.

నిజాం సంస్థానానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలు. అవి సంస్థానం లోపలే చెల్లేవి. సోలాపూర్ నుంచి పల్లెకు రాసేవాళ్ళు రెండు ప్రభుత్వాల తపాలా మధ్య బతికారన్నమాట. ఆ బిళ్ళల ముద్రణ, వ్యవస్థ 1950 దాకా సాగింది.

యానాం సభ్యులకు ఇంకో ముచ్చట. ఫ్రాన్సులో 1849 జనవరి 1న మొదటి తపాలా బిళ్ళ వచ్చినప్పుడు ఉత్తరం బరువు హద్దు ఏడున్నర గ్రాములు. ఫ్రెంచి వాళ్ళ లెక్కంతా గ్రాముల్లోనే. అంటే గోదావరి ఒడ్డున యానాంలో గ్రాములు, పక్కనే కాకినాడలో తులాలు. ఫ్రెంచి ఇండియా బిళ్ళల మీద 1923 దాకా సాంతీములు, ఫ్రాంకులు ఉండేవి. ఆ తర్వాత ఫణాలు, కాసులు. 24 కాసులు ఒక ఫణం, 8 ఫణాలు ఒక రూపాయి. 1954లో యానాం మన దేశంలో కలిసింది. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు మొదలయ్యాయి. అలా చూస్తే ఉత్తరాన్ని గ్రాముల్లో తూచడంలో కాకినాడ కంటే యానాం ఎన్నో దశాబ్దాలు ముందుంది!

త్రాసు ఎవరింట్లో ఉండేది?

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఉత్తరాల త్రాసు మిల్లు కార్మికుడి ఇంట్లో లేదు. అది వకీలు బల్ల మీద, బట్టల కొట్టు గల్లా పక్కన, కమీషన్ మండీలో, తపాలా కచేరీలో ఉండేది. రోజుకు పాతిక ఉత్తరాలు రాసేవాడికి అర్ధణా అటూ ఇటూ అయితే నెలకు ఎంత తేడా వస్తుందో తెలుసు. అందుకే కొన్నాడు.

మామూలు ఇంట్లో ఉన్నది వేరే పనిముట్టు. కింద చెక్క బిళ్ళ, పైకి వంపు తిరిగిన ఇనుప తీగ. వచ్చిన కార్డును వచ్చినట్టు దానికి గుచ్చేవారు. ఎన్ని ఇళ్ళల్లో దూలానికి వేలాడిందో అది! ఆస్తి కాగితం, పెళ్ళి శుభలేఖ, మనియార్డరు రసీదు అన్నీ దానికే. మనియార్డరు 1880లో తపాలా చేతికి వచ్చాక, ఫారం అడుగున ఉండే చిన్న చోటులో నాలుగు మాటలు రాయించడమే చాలామందికి ఉత్తరం. రాయడం రానివాళ్ళు తపాలా కచేరీ అరుగు మీద కూర్చున్నాయన చేత రాయించుకునేవారు.

త్రాసు లేనివాడికి ఉన్న భయం పేరు బేరింగు. బిళ్ళ అంటించకపోయినా, తక్కువ అంటించినా, తక్కువైన దానికి రెండింతలు అవతలివాడి దగ్గర వసూలు చేసేవారు. ఉత్తరం రాసినవాడు ఇక్కడ అరతులం తప్పు లెక్క వేస్తే, అక్కడ ముసలి తల్లి పొరుగింట్లో అప్పు చేసి తపాలావానికి కట్టాలి. లేదా ఉత్తరం వెనక్కి పోతుంది. ఆ త్రాసు ముల్లు కొస మీద ఊగేది డబ్బు ఒక్కటే కాదు. అందుకే నాకు ఆ వస్తువంటే ఇంత గౌరవం.

రకాలు, పనితీరు

పాత సామాను అంగళ్ళలో కనబడే ఉత్తరాల త్రాసులు నాలుగు రకాలు.

మొదటిది మామూలు తక్కెడ. రెండు పళ్ళేలు, మధ్యలో ముల్లు. కంసాలి త్రాసు ఈ జాతిదే. పళ్ళేలు గొలుసులతో వేలాడతాయి కాబట్టి పెద్ద కవరు పెడితే గొలుసులకు తగులుతుంది. అదే దీని ఇబ్బంది.

రెండోది పళ్ళేలు పైన ఉండే త్రాసు. దీని కీలకం కనిపెట్టింది రోబర్వాల్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు, 1669లో. పైన ఒక కడ్డీ, దాని కింద సమానంగా ఇంకో కడ్డీ, రెండింటినీ కలుపుతూ నిలువు కమ్మీలు. దీనివల్ల పళ్ళెం ఎప్పుడూ అడ్డం తిరగకుండా మట్టంగానే పైకీ కిందికీ కదులుతుంది. ఉత్తరాన్ని పళ్ళెం నడిమధ్య పెట్టినా, అంచున పెట్టినా తూకం మారదు. చెక్క పీట మీద ఇత్తడి త్రాసు, పక్కన గుంటల్లో వరసగా ఇత్తడి రాళ్ళు ఉండేవి ఎక్కువగా ఈ రకమే.

మూడోది స్ప్రింగు త్రాసు. కొవ్వొత్తి సెమ్మెలా నిలువు గొట్టం, పైన చిన్న పళ్ళెం, గొట్టం లోపల స్ప్రింగు. ఉత్తరం పెడితే పళ్ళెం దిగుతుంది, గొట్టం పక్కన గీతలు బరువు చెబుతాయి. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో ఇవి బాగా పోయాయి. రాళ్ళు పోతాయన్న బాధ లేదు. కానీ స్ప్రింగు వయసుతో సాగుతుంది, తూకం నమ్మలేం.

నాలుగోది లోలకం రకం. జర్మనీలో ఎక్కువగా తయారైంది. మౌల్ అనే పేరు వీటి మీద కనబడుతుంది. ఒక వైపు పళ్ళెం, ఇంకో వైపు వేలాడే గుండు, వెనక విసనకర్రలా అంకెల పలక. ఉత్తరం పెట్టగానే గుండు పక్కకు లేస్తుంది. ఎంత లేస్తే అంత బరువు. ఇందులో గీతల మధ్య ఎడం ఒకేలా ఉండదు, గమనించండి. బల్ల వాలుగా ఉంటే తప్పు చూపిస్తుంది. అందుకే చాలావాటికి అడుగున సరిచేసే మర ఉంటుంది.

ఒక పనిముట్టు, నాలుగు పనులు

బల్లమీది సామానులో ఇంకో జాతి ఉంది. ఒకే వస్తువు నాలుగు పనులు చేసేది. సిరాబుడ్డి పీటకే త్రాసు బిగించినవి ఉన్నాయి. కవరు చించే కత్తి మీదే అంగుళాల గీతలు ఉంటాయి, అది రూళ్ళకర్ర కూడా. పెన్సిలు సంగతి తీసుకుంటే, ములుకు ముందుకు జరిగే లోహపు పెన్సిలుకు 1822లో హాకిన్స్‌తో కలిసి హక్కు పొందింది సాంప్సన్ మోర్డన్. ఆ కంపెనీయే తర్వాత ఉత్తరాల త్రాసులు కూడా చేసింది. పెన్‌నైఫ్ అనే మాటకు అర్థమే కలం చెక్కే కత్తి. పక్షి ఈకను కలంగా చెక్కుకోవడానికి పుట్టిన కత్తి అది. ఉక్కు పాళీలు వచ్చాక దాని పని పోయింది, పేరు మిగిలింది.

ఇవన్నీ పరదేశపు తెలివితేటలే అనుకోకండి. మన గంటం చూడండి. తాటాకు మీద రాయడానికి ఒక కొస మొన. ఆకు అంచులు కోసి సమం చేయడానికి అదే పిడికి మడిచే కత్తి. దక్షిణ దేశంలో ఇలా గంటం, కత్తి కలిపి చేసిన పనిముట్లు మ్యూజియంలలో ఉన్నాయి. మొలలో దోపుకుని తిరిగే రాత బల్ల అది. కవిలె కట్టలు రాసిన కరణాల చేతిలోది ఇదే. పెన్‌నైఫ్ కలాన్ని చెక్కితే, గంటం కత్తి కాగితాన్ని తయారుచేసింది. ఆలోచన ఒకటే.

సేకరించేవారికి నాలుగు మాటలు

మన సభ్యుల్లో కొందరు ఇలాంటివి కొనడం మొదలుపెట్టారు. సంతోషం. నాకు తెలిసినవి చెబుతాను.

1. వయసు తెలుసుకోవడం. బ్రిటిష్ త్రాసుల మీద చాలాసార్లు తపాలా రేట్లు చెక్కి ఉంటాయి. అరౌన్సుకు ఒక పెన్నీ అని ఉంటే అది 1871కి ముందు రేటు. ఔన్సుకు పెన్నీ, రెండు ఔన్సులకు పెన్నీన్నర అని ఉంటే 1871 అక్టోబరు నుంచి. నాలుగు ఔన్సుల దాకా పెన్నీ అని ఉంటే 1897 నుంచి 1915 మధ్య. రేటు మారాక పాత పలకతో ఎవరూ కొత్త త్రాసు చేయరు కదా. అదే రాళ్ళ మీద తులాల గుర్తులు ఉంటే అది మన దేశపు వాడకానికే చేసింది. అలాంటిది దొరికితే వదలకండి.

2. అసలు, నకలు. కొత్తగా పోతపోసి, మసి పూసి పాతవిగా అమ్మేవి చాలా ఉన్నాయి. రాళ్ళను ఇంట్లో డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. ఔన్సు రాయి 28.35 గ్రాములు, అరౌన్సు 14.17, తులం 11.66 ఉండాలి. అరుగుదల వల్ల కొంచెం తగ్గవచ్చు. అలంకారానికి చేసిన నకలు రాళ్ళు ఏ లెక్కకూ రావు. ఖాళీ త్రాసు మట్టంగా నిలవకపోతే, ఒక పళ్ళెం మార్చారేమో చూడండి. ధడెం కట్టి సరిచేసినంత మాత్రాన అది అసలు జత అయిపోదు.

3. తోమకండి. ఇది మన ఆడవాళ్ళకు, మగవాళ్ళకు ఇద్దరికీ విన్నపం. ఇత్తడి కనబడగానే చింతపండు, బూడిద తీసుకుని కూర్చోవడం మన రక్తంలో ఉంది. బిందెకు మంచిదే. త్రాసుకు మాత్రం దానిమీది సన్నని అక్షరాలు, గీతలు అరిగిపోతాయి. రాళ్ళను తోమితే బరువే తగ్గుతుంది. మెత్తని పొడి బట్టతో తుడిస్తే చాలు. ఇనుప భాగాలకు కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు. స్ప్రింగు త్రాసు మీద ఏదీ పెట్టి ఉంచకండి.

4. చట్టం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువు పురావస్తువుల లెక్కలోకి రావచ్చు. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు జ్ఞాపకంగా ఉంటుందని పెట్టెలో పెట్టి పంపేయకండి. అలాగే పాత తులాల రాళ్ళతో వ్యాపారం చేయడం ఇప్పుడు చట్టవిరుద్ధం. అలమరాలో ఉంచుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఇత్తడి కిలో లెక్కన పోతోంది

ఇదంతా ఎందుకు రాశానంటే, మన పాత పేటల్లో కొట్లు మూతపడుతున్నాయి. తాతగారి కొట్టు మనవడు మొబైల్ దుకాణం చేస్తాడు. తప్పేమీ లేదు, కాలానికి తగిన పని. కానీ కొట్టు ఖాళీ చేసే రోజున గల్లా పెట్టె, సిరాబుడ్డి, లక్క ముద్ర, త్రాసు, అన్నీ ఒకే గోనెసంచిలో పడి పాత సామానువాడి బండెక్కుతాయి. ఇత్తడి కిలో లెక్కన, కాగితాలు కిలో లెక్కన. ఉత్తరాన్ని పావు తులం దాకా ఆచితూచి పంపిన వంశాలు, ఆ ఉత్తరాల కట్టలను కిలోల్లో అమ్మేస్తున్నాయి.

కొంతమంది అడుగుతారు, ఎవరూ వాడని వస్తువు దాచి ఏం చేస్తారని. న్యాయమైన ప్రశ్నే. త్రాసు ఒక్కటే అలమరాలో పెడితే అది అలంకారమే. ధనవంతుడి సరదా అంటే ఒప్పుకుంటాను. కానీ త్రాసు పక్కన అది తూచిన ఉత్తరాలు, ఆ పక్కన మామూలు ఇంటి తీగకు గుచ్చిన కార్డులు, మనియార్డరు రసీదులు పెట్టి చూడండి. ఎవరు ఏ ఏడు ఏ ఊరు నుంచి వచ్చారు, ఎంత పంపారు, ఎవరికి రాశారు, ఏ లిపిలో రాశారు అన్నీ అందులో ఉంటాయి. ఇక్కడి బడి పుస్తకాల్లో మన గురించి ఒక పేరా ఉండదు. అక్కడి పుస్తకాల్లోనూ మనం లేం. మన చరిత్ర ఎక్కడైనా రాసి ఉందంటే ఆ తీగ మీదే ఉంది.

ఇంకో మాట. ఆ కార్డులు చదవగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాసేది మరాఠీ. బెంగళూరులో కన్నడం, బరంపురంలో ఒడియా. గొలుసుకట్టు తెలుగు చేతిరాత చదివే పెద్దలు ఇప్పుడు ఉన్నారు. పదిహేనేళ్ళ తర్వాత త్రాసు దొరుకుతుంది, ఉత్తరం దొరుకుతుంది, చదివేవాళ్ళు దొరకరు.

అందుకని సంఘం ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి, సంఘ భవనంలో ఒక అద్దాల అలమరా. ఖర్చు పెద్దది కాదు. వస్తువు ఇచ్చినవారి ఇంటిపేరు, ఊరు, అది వాడిన పని రాసి పెడదాం. వస్తువు కుటుంబానిదే, సంఘం కాపలా మాత్రమే అని రాతపూర్వకంగా ఇద్దాం.

రెండు, నెలకు ఒక ఆదివారం ఉత్తరాల కూర్పు. పెద్దలు చదవాలి, పిల్లలు ఫోన్లో రికార్డు చేయాలి, ఒకరు రాసుకోవాలి. ఇంటి గుట్లు ఉన్న ఉత్తరాలు ఎవరూ బయట పెట్టనక్కర్లేదు. కవరు మీది చిరునామా, ముద్ర, తేదీ చూపించినా చాలు, అదే సగం చరిత్ర.

మూడు, ఎవరైనా కొట్టు గాని ఇల్లు గాని ఖాళీ చేస్తున్నారని తెలిస్తే, పాత సామానువాడి కంటే ముందు మన గుంపులో ఒక మాట వేయండి. కిలోకు వాడిచ్చే డబ్బు సంఘమే ఇవ్వగలదు.

యానాం సభ్యులెవరి ఇంట్లోనైనా గ్రాముల రాళ్ళతో ఫ్రెంచి త్రాసు ఉంటే, బరంపురం వైపు గంటం, కత్తి కలిసినది ఉంటే, రంగూన్ ముద్ర ఉన్న కవరు ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పెట్టండి. త్రాసు ఫోటో తీసేటప్పుడు దానిమీది రాతలు, రాళ్ళ అడుగు భాగం కనబడేలా తీయండి, వయసు కలిసి తేల్చుకుందాం. తోమక ముందే తీయండి!

వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో అలమరా సంగతి చర్చకు పెడతాను. వచ్చి మీ మాట చెప్పండి.